కనిపెట్టి వినుట: క్రైస్తవుల మౌనప్రార్థన

తెలుగున ‘మాట వినని పిల్లవాడు’ అన్నచో వానికి చెవుడున్నదని ఎవరును అనుకొనరు. వానివి పాముచెవులే కావచ్చును. చెప్పినది చేయడని మాత్రమే దాని భావము. ‘విన్నాడు గాని వినిపించుకొనలేదు’ అని మనము నిత్యము అనుచుందుము. శబ్దము చెవిని బడుట యొకటి, దానిని లోనికి రానిచ్చుట వేరొకటి. ఈ భేదమునంతటిని ‘వినిపించుకొను’ అను క్రియాపద మొక్కటియే మోయుచున్నది. హీబ్రూ భాషలోని ‘షమా’ ధాతువునకును వినుట, లోబడుట అను రెండర్థములు కలవు. లాటినున విధేయతను జెప్పు పదము వినుట యను పదమునుండియే పుట్టినది. కావున దేవుని మాట వినుట యని క్రైస్తవులు చెప్పునపుడు అందలి భావమును తెలుగువాడు తన యింటి నుడికారముతోనే గ్రహింపగలడు. మాట చెవికి సోకినదా యనునది ఒక ప్రశ్న. విన్నవాడు పిమ్మట ఏమి చేసెననునది మరియొక ప్రశ్న. మౌనప్రార్థన చరిత్ర చాలవరకు ఈ రెండు ప్రశ్నల నడుమ నడచినది. రెండవ ప్రశ్నకే ఆ మార్గపు పెద్దలు ఎక్కువ విలువ నిచ్చిరని నా యభిప్రాయము.

మన దేశమున క్రైస్తవ ప్రార్థన యనగా పాట, స్తుతి, విన్నపము అనియే సామాన్యముగ తోచును. తెలుగు సంఘముల విషయమున ఇది మరింత నిజము. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి మొదలైనవారు కీర్తనలు రచించిన నాటినుండి తెలుగు క్రైస్తవుల భక్తి ప్రధానముగ గానరూపము దాల్చినది. ఆ కీర్తనలు మన వాఙ్మయమున ఒక భాగమే. కాని నోరు మూసికొని కూర్చుండు ప్రార్థన యొకటి ఆ మతమున తొలి శతాబ్దులనుండి కలదు. దానిని గూర్చి విద్యావంతులలో సయితము రెండు అపోహలు కనబడుచున్నవి. ఇది యోగశాస్త్రము నుండి నిన్నమొన్న అరువు తెచ్చుకొన్నదని కొందరందురు. మౌనముగ కూర్చున్నవారికి ఎవరో చెవిలో చెప్పినట్లు వాక్యములు స్పష్టముగ వినబడునని మరికొందరు తలతురు. మొదటిది చరిత్ర చూడని మాట. రెండవదానిని ఆ మార్గమున నడచినవారే అందరికంటె గట్టిగ ఖండించిరి.

మౌనమున దేవుని వినుట యనగానే బైబిలు చదివినవారికి ఏలీయా తలపునకు వచ్చును. బయలు దేవత ప్రవక్తలను ఓడించి, రాణియైన యెజెబెలు పగకు వెరచి పరుగెత్తి, అరణ్యమున చావు కోరుకొని, తుదకు హోరేబు కొండగుహలో తలదాచుకొన్న ప్రవక్త ఆయన. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయమున ఈ కథ కలదు. పెనుగాలి, భూకంపము, అగ్ని వరుసగా వచ్చి పోవును. వానిలో దేనియందును దేవుడు లేడని కథకుడు చెప్పును. పిమ్మట వచ్చినదానికి అతడు మూడే పదములు వాడెను. మొదటిది ‘కోల్’, ధ్వని యనియు, కంఠస్వర మనియు దాని యర్థము. రెండవది ‘దెమామా’, నిశ్శబ్దము. మూడవది ‘దక్కా’, సన్ననిది, మెత్తగ నూరినది. మూటిని కూర్చినచో సన్నని నిశ్శబ్దపు ధ్వని యగును.

అనువాదకులు ఈ మూడు పదముల యెదుట చాల తడబడిరి. ప్రాచీన గ్రీకు, లాటిను అనువాదములలో ఇది పిల్లగాలి సవ్వడియైనది. 1611 నాటి ఆంగ్ల బైబిలున చిన్న కంఠస్వరమైనది. మన తెలుగు బైబిలున ఆ స్వరము నెమ్మదిగ మాటలాడుచున్నది. మూలమున ఆ పదబంధములో మాటలాడుట యను ముచ్చటయే లేదు. 1989లో వెలువడిన ఒక ఆంగ్లానువాదము మాత్రము ధైర్యము చేసి నిశ్శబ్దము యొక్క ధ్వని యని తేల్చినది. అనువాదకులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. నిశ్శబ్దమునకు ధ్వని యున్నదని వ్రాయబోవునపుడు ఎవని చేయియైనను ఒక్కమారు వెనుకాడును. కాని పర్యవసానము మాత్రము గమనింపదగినది. ధ్వని స్వరమై, స్వరము మాటలాడుట మొదలిడగానే, మౌనమున కూర్చున్నవాడు వాక్యములకొరకు ఎదురుచూచుట సహజమైనది.

ఆ ఆంగ్లపదబంధము మన దేశచరిత్రలోనికి గూడ వచ్చినది. గాంధీమహాత్ముడు తన అంతర్వాణిని చెప్పుటకు దానిని పలుమారులు వాడెను. 1933 మే నెలలో యెరవాడ కారాగారమునుండి 21 దినముల యుపవాసము ఆరంభించునపుడు తాను వినినది అట్టి వాణియే యని చెప్పెను. అది తన యూహ యొక్క ప్రతిధ్వని కాదని సంశయాత్ములకు చూపుటకు తనవద్ద వేరు సాక్ష్యము లేదనియు అదే యేడు ‘హరిజన్’ పత్రికలో ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలు ముఖ్యమైనది. వినినవాడు ఋజువు చూపలేడు. కావున ఋజువునకు బదులు మరియేదో ఒక పరీక్ష కావలెను.

ఏలీయా కథలో ఆ పరీక్షకు సూచన యున్నది. గుహయొద్ద నీకేమి పని యని దేవుడు ఆయనను రెండుమారులు అడుగును, గాలికి ముందొకసారి, నిశ్శబ్దము తరువాత నొకసారి. ప్రవక్త రెండుమారులును పొల్లుపోకుండ ఒక్కటే జవాబు చెప్పును. అంతటి యనుభవము ఆయన ఫిర్యాదులో ఒక్క యక్షరమును మార్చలేదు. కథకుని నిజాయితీకి ఇక్కడ జోహారులర్పింపవలెను. మరియొకడైనచో ప్రవక్తను అప్పటికప్పుడు జ్ఞానిని చేసియుండెడివాడు. అటుపిమ్మట ఆయనకు వినబడినవి పనులు. వచ్చిన దారినే తిరిగి పొమ్మనియు, ఇద్దరిని రాజులుగ అభిషేకింపుమనియు, తన స్థానమున ఎలీషాను నియమింపుమనియు ఆజ్ఞ యైనది. రహస్యజ్ఞాన మేమియు లేదు.

సమూయేలు కథ మరియొక విషయమును నేర్పును. షిలోహు మందిరమున పరుండిన బాలుని రాత్రివేళ ఎవరో పిలుతురు. వృద్ధయాజకుడైన ఏలీ పిలిచెననుకొని వాడు లేచి పరుగెత్తును. మూడుమారులు ఇట్లే జరుగును. దేవుని పిలుపు ఇంటి పెద్ద గొంతువలె వినబడినదనుట ఎంత సహజముగ నున్నది! వానికి గుర్తుపట్టుట రాదు; గుర్తుపట్టినది కన్ను మసకలైన ఏలీ. పోయి పరుండుము, మరల పిలిచినచో వినుచున్నానని బదులిమ్మని ఆయనయే నేర్పెను. బాలుడు అట్లు చేయగా వినబడిన వార్త ఏలీ కుటుంబము నాశనమగుననునదియే. ఉదయమున వాడు చెప్పుటకు భయపడగా, దాచవద్దని పట్టుబట్టి చెప్పించుకొన్నవాడును ఏలీయే. వినుటకు తోడొకరు కావలెననియు, వినవలసినది మనకు నచ్చునదే కానక్కరలేదనియు ఈ కథ చెప్పకయే చెప్పుచున్నది.

మౌనము ఒక నిత్యసాధనగ రూపుగొన్నది 4వ శతాబ్ది ఐగుప్తు ఎడారిలో. తలుపు మూసికొని రహస్యముగ ప్రార్థింపుమని మత్తయి సువార్తలో క్రీస్తు చెప్పిన చోట గదికి వాడిన గ్రీకు పదము సామాను దాచుకొను లోపలి కొట్టునకు చెందినది. ఆ మాటను అక్షరాల పాటించినట్లుగ, ఆంటోనీ వంటివారి వెనుక వేలకొలది జనులు ఊళ్లు విడిచి ఇసుకలో చిన్న గుడిసెలు కట్టుకొనిరి. అక్కడ వారికి మొదట వినబడినది దేవుడు కాదు. తమ మనస్సు చేయు గోల. క్రీ.శ. 399లో మరణించిన ఎవాగ్రియసు అను సన్న్యాసి ఆ గోలను ఓపికతో పరిశీలించి, ఎనిమిది విధముల తలంపులుగ వర్గీకరించెను. వానిలో ‘అసీడియా’ యను విసుగును వర్ణించిన తీరు నేటికిని నవ్వు పుట్టించును. పగలు 10 గంటల ప్రాంతమున ఆ దయ్యము వచ్చునట. సూర్యుడు కదలుట మానినట్లుండును. దినమునకు 50 గంటలున్నట్లు తోచును. సన్న్యాసి మాటిమాటికి కిటికీవైపు చూచును. ఎవరైన పలుకరింప వచ్చుచున్నారా యని బయటికి తొంగిచూచును. వ్రాతబల్లయొద్ద ఒంటరిగ కూర్చుండువారికి ఈ దయ్యముతో పరిచయము చేయనక్కరలేదు. ఈ ఎవాగ్రియసే ప్రార్థనలో రూపములు చూడగోరవలదనియు, అట్టి కోరిక మతి చెడుటకు దారితీయుననియు హెచ్చరించెను.

గోలను అణచుటకు అతని తరము కనుగొన్న ఉపాయము మాటయే. మౌనమునకు మాట సాధనమగుట వింతగ తోచును గాని, మంత్రజపము ఎరిగిన దేశమున దీనిని వివరింప బనిలేదు. ఎడారి పెద్దలను దర్శించి తరువాత దక్షిణ ఫ్రాన్సున స్థిరపడిన జాన్ కాసియన్ 5వ శతాబ్ది తొలిపాదమున తన ‘సంభాషణలు’ రచించెను. అందు పదియవదానిలో ఐజాకు అను పెద్ద ఒక్క కీర్తనచరణమును పట్టుకొని, తినుచు, నడచుచు, నిద్రకుపక్రమించుచు దానినే లోన పలుకుచుండుమని ఉపదేశించును. అది గొప్ప తత్త్వవాక్యమేమియు కాదు. ఆపదలో నున్నవాడు తొందరగ వచ్చి ఆదుకొమ్మని పెట్టిన కేక. ఐశ్వర్యమువంటి తలంపులనన్నిటిని వదలి, బిచ్చగాని వలె ఒక్క మాటతో మిగులుట అతని బోధ. తూర్పుసంఘములో ఇదియే యేసు నామజపముగ వృద్ధియై ఆథోస్ పర్వతమున నేటికిని నిలిచియున్నది. 14వ శతాబ్దికి చెందిన పేరు తెలియని ఆంగ్లరచయిత యొకడు, మాట ఎంత పొట్టిదైన అంత మేలనియు, ఒక్క అక్షరపు పదమైనచో మరియు మేలనియు చెప్పెను.

ఇక చదువుటకు వత్తము. 6వ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠమునకు వ్రాసిన నియమావళి మొదటి పదమే వినుమనునది. ఆ నియమావళి దినమున కొన్ని గంటలు పఠనమునకు కేటాయించినది. మధ్యాహ్న విశ్రాంతివేళ చదువుకొనదలచినవారు ఇతరులకు భంగము కలుగకుండ చదువుకొనవలెనని అందొక నిబంధన కలదు. చదువుటవలన ఇతరుల నిద్రకు భంగమెట్లు? ఆ కాలమున చదువుట యనగా పెదవులు కదల్చి పైకి చదువుట. మిలాను బిషప్పు ఆంబ్రోసు నోరు కదలకుండ చదువుట చూచి ఆగస్టీను అచ్చెరువొంది తన ఆత్మకథలో వ్రాసికొనెను. చదువరి తన గొంతును తానే వినుచుండెను. కన్ను చేయు పనిని చెవి పంచుకొనుచుండెను. దేవుని వినుట యను మాటకు ఆ దినములలో ఇంతటి స్థూలమైన యర్థము కూడ నుండెనని మనము మరువరాదు. మౌనప్రార్థన పుట్టినది శూన్యమునుండి కాదు. పైకి చదివిన వాక్యము ఆగిన తరువాతి నిశ్శబ్దమునుండి.

ఈ క్రమమును 12వ శతాబ్దిలో గ్రాండ్ షార్త్రూజ్ మఠాధిపతియైన రెండవ గీగో ఒక నిచ్చెనగ చెప్పెను. పఠనము, మననము, ప్రార్థన, ఆపైన మాటలేని దర్శనము. భోజనముతో దానిని పోల్చుచు, పఠనము ముద్దను నోట పెట్టుననియు, మననము దానిని నమలుననియు, ప్రార్థన రుచిని రప్పించుననియు, నాలుగవది ఆ తీపియే యనియు వివరించెను. మఠములలో ఈ మననమునకు లాటిను పేరు పశువులు నెమరు వేయుటకు వాడు పదమే. తెలుగున మనమును జ్ఞాపకములను నెమరు వేసికొందుము. ఒకరినుండి యొకరు నేర్వకయే రెండు జాతులును ఆవుపాకనుండి ఒక్క యుపమానమునే తెచ్చుకొన్నవి. బృహదారణ్యకమున చెప్పబడిన శ్రవణ మనన నిదిధ్యాసనములు ఇక్కడ చదువరులకు స్ఫురింపక మానవు. పోలిక నిజమే. భేదమును గూడ దాచరాదు. గీగో నిచ్చెన నడుమ ప్రార్థన యున్నది. అనగా అవతల ఒకడున్నాడనియు, తాను వానిని అడుగుచున్నాననియు సాధకుడు తలచును. తుది మెట్టు ఎక్కువాని యత్నమువలన గాక ఆ యవతలివాని దయవలన లభించునని వారి సిద్ధాంతము.

ఈ యత్నమునకును దయకును గల సంబంధమును అవిలా నగరపు తెరెసా (1515–1582) కంటె తేటగ చెప్పినవారిని నేనెరుగను. 1565లో ముగించిన తన జీవితచరిత్రలో ఆమె ప్రార్థనను తోటకు నీరు పెట్టుటతో పోల్చినది. మొదట బావినుండి చేతితో తోడి పోయవలెను. చేతులు నొచ్చును, నీరు కొంచెము. రెండవది బొక్కెనల చక్రము త్రిప్పి తోడుట. శ్రమ తగ్గును, నీరు హెచ్చును. మూడవది ఏటికాలువ, తోటమాలి గట్లు చూచుకొన్న చాలును. నాలుగవది వాన; అందు తోటమాలికి పనియే లేదు. మోట తోలిన రైతుకు, కాలువ కింది రైతుకు, ఆకాశమువైపు చూచు మెట్టరైతుకు గల తారతమ్యము తెలిసిన మనకు ఈ యుపమానము స్పెయిను నుండి వచ్చినట్లే తోచదు. ఆమె చెప్పిన మర్మమేమనగా, వాన మన చేతిలో లేదు. అయినను తోడుట మానరాదు. కొన్నిమారులు బావియే ఎండిపోవును. అప్పుడును బొక్కెన దించుటయే తోటమాలి పని.

ఆమె మాటలకు విలువ వచ్చినది ఆమె నిజాయితీవలన. దాదాపు 18 సంవత్సరములు పుస్తకము చేతలేక ప్రార్థనకు కూర్చుండుటకు ఆమెకు ధైర్యము చాలలేదట. చదివినను చదువకున్నను పుస్తక మొకటి దగ్గర నుండవలెను. కొన్ని యేండ్లు ప్రార్థనాసమయము ఎప్పుడు ముగియునా యని గడియారపు గంటకొరకే చెవియొగ్గి యుంటినని ఆమెయే వ్రాసికొన్నది. దేవుని వినవలసిన చెవి గడియారమును వినుచుండెనన్నమాట! మౌనసాధనను గూర్చి వ్రాయువారు సామాన్యముగ దాచిపెట్టునది ఇదియే.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. ఎన్నడో ఒకనాడు లోపల ఏదో వినబడినది. అది ఎవరి మాట? ఇక్కడనే ఈ విద్యకు ప్రాణాపాయము పొంచియున్నది. తన కోరికను దేవుని ఆజ్ఞగ ప్రకటించినవాడు ఇల్లు చెరుపగలడు, ఊరు చెరుపగలడు. తెరెసాకు సహచరుడైన సిలువ యోహాను (1542–1591) ఈ విషయమున నిర్దాక్షిణ్యముగ వ్రాసెను. ఆయన మౌనము పుస్తకమున నేర్చినది కాదు. సంస్కరణకు గిట్టని తన సభవారే ఆయనను 1577 డిసెంబరులో పట్టి, టొలేడో నగరమున ఇరుకుగదిలో తొమ్మిది నెలలు బంధించిరి. స్పానిష్ కవితకు తలమానికములైన గీతములు కొన్ని ఆ గదిలోనే పుట్టినవి. ‘కర్మెలు పర్వతారోహణము’ అను గ్రంథమున ఆయన అంతర్వాక్కులను మూడు తెగలుగ విభజించెను. మనస్సు ఏకాగ్రమై ఒక విషయమును తర్కించుచుండగ, మాటలు తమంతట తాము వచ్చినట్లుండును. ఎవరో చెప్పుచున్నట్లు తోచును. చెప్పుచున్నది ఆ మనస్సే. ఇది మొదటి తెగ. నాలుగు కాసులపాటి ధ్యానము చేయగానే దేవుడు నాతో నిట్లనెను, దేవుడు నాకిట్లు బదులిచ్చెను అని చెప్పువారిని చూచి ఆయన విస్తుపోవుచున్నాడు. రచయితలకు ఈ మొదటి తెగ బాగుగ తెలియును. పాత్ర తనంతట తానే మాటలాడినదని మనము చెప్పుకొనునది దీనినే. రెండవ తెగ బయటినుండి వచ్చినట్లు స్పష్టముగ నుండు వాక్కు. దానిని గూడ నమ్మి వెంటనే ఏ పనియు చేయరాదని, వివేకియైన మరియొకనికి చెప్పుకొనవలెనని ఆయన శాసించెను. మూడవదియే నిజమైనది. అది చెప్పినదానిని చేసిపెట్టు వాక్కు. భయపడవద్దన్నచో అన్నంతనే భయము పోవును. దానిని గూర్చి సాధకుడు చేయవలసినది గాని, భయపడవలసినది గాని ఏమియు లేదు.

అంతకు కొంత పూర్వము ఇగ్నేషియసు లొయోలా (1491–1556) వేరొక పరీక్షను చెప్పెను. మేలు దిశగ సాగుచున్న మనస్సునకు మంచి ప్రేరణ స్పాంజిమీద పడు నీటిబొట్టువలె చప్పుడులేక ఇంకును. చెడుప్రేరణ రాతిమీద పడిన బొట్టువలె చప్పుడు చేయుచు చెదరును. మనస్సు చీకటిగ నున్న దినమున వెలుతురు దినమున చేసికొన్న నిర్ణయమును మార్చుకొనరాదని ఆయన నియమము. మతముతో నిమిత్తము లేకయే ఎవరైనను ఈ రెండవ నియమమును పాటింపవచ్చును.

ఈ పరీక్షలన్నిటికిని సజీవమైన యుదాహరణముగ నాకు కనబడువాడు సన్న్యాసి కాడు. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన దర్జీ, దుకాణదారు జాన్ వూల్‌మన్ (1720–1772). 17వ శతాబ్దిలో ఇంగ్లండున జార్జ్ ఫాక్స్ బోధవలన పుట్టిన క్వేకరు సమాజమునకు చెందినవాడు. క్వేకరుల కూటమున వేదికలేదు, పురోహితుడు లేడు. అందరును మౌనముగ కూర్చుందురు; ఎవరికైన చెప్పవలెనని లోన బలవంతమైనచో లేచి చెప్పి కూర్చుందురు. ఎవరును లేవకున్నను కూటము కూటమే. యువకుడైన వూల్‌మన్ ఒకనాడు లేచి, తనకు అందిన దానికంటె కొంచెము ఎక్కువ మాటలాడెను. ఆ యదనపు మాటలు ఆయనను కొన్ని వారములు బాధించినవట. పిమ్మట దాదాపు ఆరు వారములు నోరు విప్పలేదు. కొంచెము ఎక్కువ! ఎంత ఎక్కువయో ఆయన చెప్పలేదు. ఒకటి రెండు వాక్యములై యుండును. ప్రసంగములకు అలవాటుపడిన మన సభలకు ఈ బాధ అర్థమగుట కష్టము.

ఆ చెవి తరువాత ఏమి వినెనో చూడవలెను. ఆయన యజమాని తన యింట బానిసగనున్న ఒక నల్లజాతి స్త్రీని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమని వూల్‌మనునకు చెప్పెను. కొన్నవాడు, తన సమాజమునకే చెందిన వృద్ధుడు, ఎదుట కాచుకొని యున్నాడు. వ్యవధి లేదు. లోన ఏదో అడ్డుపడుచున్నను ఆయన పత్రము వ్రాసెను. బానిసలను ఉంచుకొనుట క్రైస్తవమునకు తగదని తన నమ్మకమని మాత్రము వారిరువురి యెదుట చెప్పెను. అడ్డు తీరలేదు. కొంతకాలమునకు వేరొకరు అట్టి పత్రమే అడుగగా వ్రాయననెను. మరణశాసనములు వ్రాయించుకొన వచ్చినవారు బానిసలను వారసులకు పంచుచున్నచో ఆ భాగము వ్రాయ నిరాకరించెను. రాతకూలి పోయినది. 1754లో బానిసత్వమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించి, పిమ్మట బానిసలున్న క్వేకరుల యిండ్లకు తానే పోయి, కోపము లేకుండ, ఒక్కొక్కరితో మాటలాడెను. అచ్చట బానిసలు చేసిన సేవకు వారికి డబ్బిచ్చి వచ్చుచుండెను. ఆయన 1772లో ఇంగ్లండున యార్కు నగరమున మశూచితో మరణించెను. ఫిలడెల్ఫియా వార్షికసభ తన సభ్యులెవరును బానిసలను ఉంచుకొనరాదని నిషేధించినది 1776లో. తొలుత ఆయనకు లోన వాక్యమేదియు వినబడలేదు. కలము కదలలేదు, అంతే. సిలువ యోహాను ఈ దినచర్యను చదివియున్నచో ఎట్లు తీర్పు చెప్పియుండెడివాడో యని నేను పలుమారులు తలచుచుందును.

యోగమునుండి అరువు తెచ్చుకొన్నదను వాదమునకు సమాధానము బెనెడిక్టు సభకు చెందిన జాన్ మెయిన్ (1926–1982) జీవితమున దొరకును. సన్న్యసింపకముందు, 1950వ దశకమున, మలయాలో ఉద్యోగిగ నుండగ కౌలాలంపూరులో స్వామి సత్యానందయొద్ద ఆయన జపధ్యానము నేర్చెను. మఠమున చేరినపుడు అది క్రైస్తవము కాదని పెద్దలు మానుమనగా మానెను. చాలయేండ్లకు కాసియన్ గ్రంథమును మరల తెరచి చూడగా, స్వామి చెప్పినదే 5వ శతాబ్ది పుటలలో కనబడినది. 1975లో లండనున ఆయన స్థాపించిన ధ్యానకూటములనుండి ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించినది. ఉదయ సాయంకాలములందు ఇరువది ముప్పది నిమిషములు వెన్ను నిలిపి కూర్చుండి, ‘మారనాథా’ యను అరమాయిక పదమును లోన పలుకుచుండుటయే ఆ పద్ధతి. తలంపు వచ్చినచో తరుముట లేదు, తర్కించుట లేదు, మాటకు తిరిగివచ్చుటయే. తమ యింటి పెట్టెలో మరచిన సొమ్మును పొరుగింటివాడు గుర్తుచేసినట్లు భారతీయగురువు గుర్తుచేసెనుగాని, సొమ్ము వారిదే. మన కావేరితీరమున కుళిత్తలై దగ్గర 1950లో మోన్షానెన్, లె సో అను ఫ్రెంచి సన్న్యాసులు స్థాపించిన శాంతివనము మాత్రము వేరు మార్గము. ఉపనిషత్తులను ఎదురుగ పెట్టుకొని కూర్చుండిన మౌనమది. 1968నుండి బీడ్ గ్రిఫిత్స్ దానిని నడపెను. దానిని గూర్చి వేరుగ వ్రాయదగును.

తెలుగునేలపై ఈ సాధనకు స్వతంత్రమైన మాట యొకటి పుట్టియున్నది. ‘కనిపెట్టు’ అను క్రియ. నేటి పత్రికాభాషలో అది కొత్తయంత్రమును కనుగొనుటకు పరిమితమగుచున్నది గాని, పూర్వార్థము వేరు. రోగిని కనిపెట్టుకొని యుందురు. చేనిని కనిపెట్టుకొని యుందురు. కన్ను అక్కడ పెట్టి, చేయి ఆడింపక, వేళకొరకు నిలుచుట దాని భావము. తెలుగు బైబిలు దేవునికొరకు ఎదురుచూచుటకు ఈ క్రియనే చేపట్టినది. అచ్చటినుండి పల్లె ప్రార్థనకూటములకు దిగి, ‘కనిపెట్టు ప్రార్థన’ యను వాడుక ఏర్పడినది. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషనులో ‘సన్నిధి’ యను పేర దేవుని యెదుట కనిపెట్టుటకు ప్రముఖస్థానము కలదు. అందు దర్శనములకును స్వరములకును ఇచ్చు విలువ సిలువ యోహాను హెచ్చరికకు ఎదురుగ నిలుచును. ఆ రెంటి నడుమ సంభాషణ తెలుగున ఇంకను జరుగవలసి యున్నది.

జరుగవలెనన్నచో ముందు పదములు తేలవలెను. లాటినులో గీగో రెండవ మెట్టు ‘మెడిటాషియో’ మాటలతోను ఊహలతోను కూడినది. నాలుగవది ‘కంటెంప్లాషియో’ మాటలు లేనిది. మన సంస్కృతసంప్రదాయమున ‘ధ్యానము’ నాలుగవదానికి దగ్గర. మన క్రైస్తవగ్రంథములలో వాక్యధ్యాన మన్నపుడు రెండవదానికే దానిని వాడుచున్నాము. దానివలన క్రైస్తవుడు ధ్యానమన్నపుడు హిందువు ఒకటియు, హిందువు అన్నపుడు క్రైస్తవుడు మరియొకటియు గ్రహించుచున్నారు. మొదటిదానికి ‘మననము’ సిద్ధముగ నున్నది. దానిని మరల స్వీకరించుటకు అడ్డేమియు లేదు. రెండవదానికి నేను కొత్తపదమును కల్పింపజూడను. రాత్రంతయు రోగిమంచమువద్ద కూర్చున్న తల్లిని తెల్లవారి ఏమి చేసితివని అడిగినచో, కనిపెట్టుకొని కూర్చుంటిననును.